అద్దం కింద మూడు బటన్లు

ప్లేనోలో మా ఇంటి గ్యారేజ్ వీధి వైపు ఉండదు. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఈ ఊళ్లలో కాస్త పాతబడిన కాలనీల పద్ధతే అది. ఇంటి ముందు పచ్చిక, ఒక ఓక్ చెట్టు, వీధి తలుపు ఉంటాయి. కార్లన్నీ ఇళ్ల వెనక ఉన్న సన్నటి సందులోంచి లోపలికి వస్తాయి. ఆ సందులో రెండు కార్లు ఎదురుపడితే ఒకటి ఎవరి వాకిట్లోకో తప్పుకోవలసిందే. అలాంటి చోట కారు ఆపుకొని గ్యారేజ్ తలుపు తెరిచే రిమోట్ ఎక్కడుందా అని తడుముకుంటూ కూర్చోవడం కుదరదు. మా రిమోట్ క్లిప్ ఎప్పుడో విరిగిపోవడంతో అది సన్ వైజర్‌కు నిలవక, ఏడాదిగా కాఫీ కప్పు పెట్టుకునే గుంటలో చిల్లర నాణేలతో కలిసి తిరుగుతూ ఉండేది.

నిరుడు వేసవిలో అమ్మా నాన్నగారూ నరసరావుపేట నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారని ఏడుగురు కూర్చునే కారు ఒకటి, 2017 మోడల్‌ది, వాడినదే కొన్నాము. వెనక చూసే అద్దం కింది అంచున, చిన్న ఇంటి బొమ్మ గీసి ఉన్న మూడు బటన్లు కనిపించాయి. అమ్మిన మనిషి వాటిని చూపించి, ‘హోమ్‌లింక్, ఐదు నిమిషాల పని’ అన్నాడు. అంటే గ్యారేజ్ రిమోట్ చేసే పనిని ఈ బటన్లకే నేర్పుకోవచ్చునన్నమాట. ఆ ఐదు నిమిషాల పనికి నాకు రెండు శనివారాలు, మధ్యలో ఒక సోమవారం సాయంత్రం పట్టాయి. అందులో సగానికి పైగా నా తొందరపాటు వల్ల పట్టిన కాలమే కాబట్టి, ఎక్కడ తప్పానో వివరంగా రాస్తున్నాను.

ఈ హోమ్‌లింక్ మిచిగన్ రాష్ట్రంలో పుట్టింది. హాలండ్ అనే చిన్న ఊళ్లో కార్ల లోపలి సామాన్లు చేసే ప్రిన్స్ కార్పొరేషన్ దీన్ని మొదలుపెట్టింది. 1996లో ఆ సంస్థ జాన్సన్ కంట్రోల్స్ చేతికి, 2013లో హోమ్‌లింక్ వ్యాపారం జెన్‌టెక్స్ చేతికి వెళ్లాయి. జెన్‌టెక్స్ అసలు వృత్తి రాత్రివేళ వెనక కార్ల వెలుతురుకు తనంతట తాను మసకబారే అద్దాలు చేయడం. బటన్లు అద్దంలోనే ఎందుకున్నాయని నాన్నగారు అడిగినప్పుడు నేను చెప్పగలిగిన జవాబు ఇదే. కొన్ని కార్లలో ఇవి సన్ వైజర్ మీద, కొన్నింటిలో నెత్తిమీద దీపాల పక్కన ఉంటాయి. ఎక్కడున్నా పని ఒకటే: అది నేర్చుకోగలిగిన ఒక చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్.

మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికే మొదలుపెట్టాను, ఎందుకంటే పదకొండు దాటితే ఆ నెలలో కారులో ఏసీ లేకుండా కూర్చోలేము. ఇంజిను నడుస్తుండగా గ్యారేజ్ నోటి దగ్గర కూర్చోవడం మంచిది కాదు, పొగ లోపలికి చేరుతుంది. అందుకని కారును బయట వాకిట్లో నిలిపి, ఇంజిను ఆపి, కరెంటు మాత్రం ఉండేటట్లు పెట్టుకున్నాను. వాడిన కారు కనుక ముందు పాత జ్ఞాపకాలు చెరపాలి. నిజానికి కొన్న రోజే మధ్య బటన్ నొక్కి చూస్తే బటన్ల పక్కనున్న చిన్న దీపం నిండుగా వెలిగింది. అంటే ఎవరి ఇంటి తలుపుకో మా కారు ఇంకా కబురు పంపుతోందన్నమాట. ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందో కానీ, ఇలా వదిలేసి కారు అమ్మేవాళ్లు తమ తాళంచెవిని కూడా దానితో పాటు ఇచ్చేస్తున్నట్లే. చెరపడానికి మొదటి, మూడో బటన్లను ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. పది సెకన్లు దాటాక దీపం గబగబా మినుకుమంటుంది, అప్పుడు వదిలేయాలి. దీంతో మూడు బటన్లూ ఖాళీ అవుతాయి. ఒక్కదాన్నే చెరపడం ఇలా కుదరదు. ఒక్కటే మార్చాలంటే దానికి కొత్త పాఠం చెబితే సరిపోతుంది.

తర్వాతిది పాఠం. ఇంటి రిమోట్‌ను బటన్లకు రెండు మూడంగుళాల దూరంలో పట్టుకుని, రిమోట్ బటన్‌ను, కారులో మనం ఎంచుకున్న బటన్‌ను రెండింటినీ కలిపి నొక్కి ఉంచాలి. మొదట దీపం మెల్లగా మినుకుమంటుంది, రిమోట్ మాటను కారు పట్టుకోగానే ఆ మినుకు వేగం పెరుగుతుంది. మాది వేగం పెరగలేదు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, నిమిషం పట్టుకున్నా అదే మందగమనం. ఈలోగా నేను రిమోట్ నొక్కిన ప్రతిసారీ ఎదురుగా గ్యారేజ్ తలుపు పైకి, కిందికి ఆడుతూనే ఉంది. రిమోట్ నిజంగానే పనిచేస్తోంది కనుక తలుపును ఎత్తి దించే మోటారు, అంటే ఓపెనర్, దాని ఆజ్ఞ పాటిస్తోంది, కారు మాత్రం నేర్చుకోవడం లేదు. తలుపు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న నాన్నగారిని ఇవతలికి రమ్మని కేకేశాను. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారైన ఇళ్ల గ్యారేజ్ ఓపెనర్లన్నిటికీ, దారిలో ఏదైనా అడ్డం ఉంటే తలుపును తిరిగి పైకి పంపే ఏర్పాటు తప్పనిసరి. తలుపు రెండు వైపులా నేలకు ఆరంగుళాలు మించని ఎత్తులో కనిపించే చిన్న కళ్లు, అంటే సెన్సర్లు, అందుకే. అయినా ఆ కళ్ల మీద భారం వేసి, కదిలే తలుపు కింద పెద్దవాళ్లను, పిల్లలను నిలబడనివ్వకూడదు. పాఠం చెప్పేటప్పుడు తలుపు తప్పకుండా కదులుతుందనే సంగతి నాకు ముందు తట్టలేదు.

కారు నేర్చుకోకపోవడానికి కారణం చిన్నదే, రిమోట్‌లోని బిళ్ల బ్యాటరీ. మోటారుకు వినిపించేంత శక్తి అందులో ఉన్నా, పాఠం పూర్తిగా పట్టుకోవడానికి కారుకు అది చాలలేదు. కొత్త సీఆర్ 2032 వేసి మళ్లీ పట్టుకుంటే ఎనిమిది సెకన్లలో దీపం గబగబా కొట్టుకుంది. విజయగర్వంతో రిమోట్ పక్కన పడేసి కారు బటన్ నొక్కాను. దీపం రెండు సెకన్లు గబగబా మినుకుమని, తర్వాత నిలిచి వెలిగింది. తలుపు కదలలేదు. మళ్లీ చెరిపి మళ్లీ చెప్పాను. ఆ పొద్దున మొత్తం నాలుగుసార్లు చెప్పి ఉంటాను. ఫలితం మారలేదు. అద్దంలోని యంత్రమే చెడిపోయిందని తీర్మానించుకుని లోపలికి వెళ్లిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం కారుతో వచ్చిన పుస్తకం నిదానంగా చదివాక తెలిసింది ఏమిటంటే, చెడిపోయింది ఏదీ లేదు, దీపం నాకు చెప్పవలసింది చెబుతూనే ఉంది. బటన్ నొక్కినప్పుడు దీపం మొదటి నుంచీ నిలకడగా వెలిగితే పని పూర్తయినట్లు. గబగబా మినుకుమని తర్వాత నిలిస్తే ఎదురుగా ఉన్నది రోలింగ్ కోడ్ ఓపెనర్ అని, ఇంకో సగం పని మిగిలి ఉందని అర్థం.

నేను రెండు చదువులను ఒకటిగా అనుకున్నాను. ఒకటి కారు నేర్చుకునేది: రిమోట్ ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ పద్ధతిలో మాట్లాడుతోందో విని పట్టుకోవడం. రెండోది మోటారు నేర్చుకోవలసినది. పాత ఓపెనర్లకు మొదటిది చాలు, ఎందుకంటే ఆ రిమోట్లు ఎప్పుడూ ఒకే కోడ్ పంపుతాయి. లోపల ఎనిమిదో, పదో, పన్నెండో బుల్లి స్విచ్చులు ఉంటాయి. మోటారులోని స్విచ్చులు, రిమోట్‌లోని స్విచ్చులు ఒకే వరసలో పెడితే తలుపు తెరుచుకుంటుంది. కారు ఆ కోడ్ విని చిలకలా అప్పజెప్పినా మోటారుకు తేడా తెలియదు. పన్నెండు స్విచ్చులకు ఉండే వరసలు మొత్తం 4096 మాత్రమే. 2015లో సామీ కామ్కార్ అనే భద్రతా పరిశోధకుడు పిల్లలు సందేశాలు పంపుకునే ఒక ఆటవస్తువును మార్చి, ఇలాంటి తలుపులను పది సెకన్లలోపు తెరవవచ్చని నిరూపించాడు. అప్పటికే 1990ల నుంచి తయారీదారులు రోలింగ్ కోడ్‌కు మారుతూ వచ్చారు. ఇందులో నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది, ఒకసారి వాడిన దాన్ని మోటారు మళ్లీ ఒప్పుకోదు. కాబట్టి కారు మన రిమోట్‌ను అనుకరించి లాభం లేదు. తనకంటూ ఒక గుర్తింపుతో, తన లెక్కతో, కొత్త రిమోట్‌గా మోటారు దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇరుగుపొరుగు భాష వచ్చినంత మాత్రాన ఇంట్లోకి రానివ్వరు కదా అన్నారు నాన్నగారు.

ఆ నమోదు కోసం మోటారు మీద లెర్న్ అనే బటన్ ఒకటి ఉంటుంది. మోటారు గ్యారేజ్ పైకప్పుకు వేలాడుతుంది కనుక నిచ్చెన కావాలి. లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లేన్ మోటార్లలో ఆ బటన్ రంగే జాతకం చెబుతుంది: ఆకుపచ్చ 1990ల మధ్యకాలానిది, నారింజ లేదా ఎరుపు రెండో సగం నుంచి వచ్చినది, ఊదా 2000ల మధ్య నుంచి, పసుపు 2011 నుంచి. నారింజ బటన్ ఉన్నది 390 మెగాహెర్ట్జ్ మీద, ఊదా ఉన్నది 315 మీద వింటాయి. పసుపుది 310, 315, 390 మూడింటి మీదా మాట్లాడే పద్ధతి. మాది పసుపు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కారు పాతదై మోటారు పసుపు బటన్‌ది అయితే, చాలా కార్లలోని పాత హోమ్‌లింక్‌కు ఈ భాష రాదు. గ్యారేజ్‌లో మధ్యవర్తిగా రిపీటర్ అనే చిన్న పెట్టె ఒకటి పెట్టుకుంటే తప్ప ఎన్ని గంటలు నొక్కినా ప్రయోజనం ఉండదు. అదృష్టం కొద్దీ మా కారుకు ఆ అవసరం రాలేదు.

అసలు పొరపాటు నిచ్చెన మీద జరిగింది. పొద్దున్నుంచీ కారులో నేను చేసిన ప్రతి పనీ నొక్కి పట్టుకోవడమే. చెరపడానికి నొక్కి పట్టుకోవాలి, నేర్పడానికి నొక్కి పట్టుకోవాలి. ఆ అలవాటుతో లెర్న్ బటన్‌ను కూడా బొటనవేలితో గట్టిగా నొక్కి, పక్కనున్న చిన్న దీపం వెలిగినా వదలకుండా పట్టుకున్నాను. కొద్ది సెకన్లకు దీపం ఆరిపోయింది. నేర్చేసుకుంది కాబోలు అనుకుని దిగి వచ్చి కారు బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. విసుగు వచ్చి నిచ్చెన మడిచి పక్కన పెట్టేశాను. లెర్న్ బటన్‌ను నొక్కి వెంటనే వదిలితే మోటారు 30 సెకన్ల పాటు కొత్త రిమోట్ కోసం చెవి తెరుచుకుని ఉంటుంది. ఆరు సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే అంతకుముందు తనకు తెలిసిన రిమోట్లన్నిటినీ మరచిపోతుంది. నేను చేసింది ఆ రెండోది.

అది సాయంత్రం గాని బయటపడలేదు. మా ఆవిడ పని నుంచి వస్తూ సందులోంచి ఫోన్ చేసి, ‘తలుపు రావడం లేదండీ, ఇంట్లో కరెంటు పోయిందా?’ అని అడిగింది. కరెంటు ఉంది. ఆమె వెనకాల పక్కింటివారి కారు ఆగి ఉంది. గోడకున్న స్విచ్ మోటారుకు తీగతో కలిసి ఉంటుంది కాబట్టి, లోపల దాన్ని నొక్కితే తలుపు ఎప్పటిలాగే లేచింది. ఆమె రిమోట్ పనిచేయదు, నా రిమోట్ పనిచేయదు, ఈత తరగతి నుంచి వచ్చే మావాడి కోసం బయట గోడకు బిగించిన అంకెల కీప్యాడ్ కూడా పనిచేయదు. మూడూ ఒకేసారి పాడవవు కదా అని ఆలోచిస్తే అప్పుడు బోధపడింది. మావాడు రెండు రోజులు వీధి తలుపు గంట కొట్టి లోపలికి వచ్చాడు. వాడి దృష్టిలో ఇది అవమానం.

సోమవారం సాయంత్రం రిమోట్లకు, కీప్యాడ్‌కు మళ్లీ మోటారుతో పరిచయం చేశాను. రిమోట్‌కైతే లెర్న్ నొక్కి వదిలి, 30 సెకన్లలోపు రిమోట్ బటన్ నొక్కితే చాలు, మోటారు దీపం ఒకసారి మినుకుమంటుంది. దీపం లేకపోతే టిక్కు టిక్కుమని రెండు చప్పుళ్లు వినిపిస్తాయి. కీప్యాడ్‌కు లెర్న్ నొక్కి వదిలాక మనకు కావలసిన నాలుగంకెలు కొట్టి, ఎంటర్‌ను దీపం మినుకుమనే దాకా పట్టుకోవాలి. ఈ పనులన్నీ ఒక్కడినే చేసుకోగలిగాను, ఎందుకంటే రిమోట్ చేతిలోనే ఉంటుంది. కారును నిచ్చెన ఎక్కించలేము.

రెండో శనివారం అందుకనే నాన్నగారిని కారులో కూర్చోబెట్టాను. కారుకు మళ్లీ మొదటి పాఠం చెప్పవలసిన పని లేదు. మోటారు మరచిపోయినంత మాత్రాన కారు నేర్చుకున్న భాష చెరిగిపోదు. అవి రెండూ వేర్వేరు జ్ఞాపకాలని నాకు నిజంగా మనసుకెక్కింది అప్పుడే. నేను నిచ్చెన మీద నుంచి ‘ఇప్పుడు నొక్కండి నాన్నా’ అన్నాను. ఆయన కాలింగ్ బెల్ నొక్కినట్లు ఒక్కసారి సున్నితంగా తాకి వదిలేశారు. ఏమీ జరగలేదు. ‘రెండు సెకన్లు అదిమి పట్టి వదలండి, మళ్లీ అలాగే చేయండి’ అన్నాను. ఈ వివరణ పూర్తయ్యేసరికి 30 సెకన్లు గడిచిపోయి లెర్న్ దీపం ఆరింది. రెండో ప్రయత్నంలో ముందే అన్నీ చెప్పుకుని, నేను నొక్కి వదలగానే ఆయన బయటికి వినిపించేలా ‘ఒకటి, రెండు’ అని లెక్కపెడుతూ అదిమారు. రెండో నొక్కుకు నా నెత్తి మీద మోటారు బల్బు మినుకుమంది. మూడో నొక్కుకు తలుపు కదిలింది. నిచ్చెన తలుపు దారికి ఇవతల వేసుకోవడం మంచిదైంది. రెండో మనిషి లేనివారు కారును గ్యారేజ్‌కు దగ్గరగా నిలిపి, దాని తలుపు తెరిచి ఉంచి, నిచ్చెన దిగి నడిచి వెళ్లినా 30 సెకన్లు సరిపోతాయి. పరుగెత్తనక్కర లేదు, పరుగెత్తితేనే ప్రమాదం.

నాన్నగారికి అక్కడే ఒక సందేహం వచ్చింది. ఇంత సులువుగా కొత్తవాళ్లను చేర్చుకునే మోటారు దొంగను మాత్రం ఎందుకు చేర్చుకోదు అని. చేర్చుకుంటుంది, కానీ అతడు ముందు గ్యారేజ్ లోపలికి వచ్చి నిచ్చెన ఎక్కి ఆ పసుపు బటన్ నొక్కాలి. తాళం బలమంతా అక్కడే ఉంది. దీనికంటే నన్ను కలవరపెట్టేది వేరొకటి. కొన్ని కార్లలో ఈ బటన్లు కారు ఆపి ఉన్నా, తాళంచెవి లేకపోయినా పనిచేస్తాయి. అలాంటి కారును రాత్రి వాకిట్లో వదిలితే, కిటికీ అద్దం పగలగొట్టిన వాడికి ఇంటి తలుపు కూడా దొరికినట్లే. అందుకే గ్యారేజ్ నుంచి వంటింట్లోకి వచ్చే తలుపుకు రాత్రి గడియ వేయడం మాకు అలవాటయింది.

ఇంతటితో అయిపోవలసింది, కానీ కారు గ్యారేజ్ తలుపుకు ఐదారు అడుగుల దగ్గరికి వస్తే తప్ప బటన్ పనిచేయలేదు. సందు మలుపులో నొక్కితే లెక్కచేయడం లేదు. రిమోట్ కూడా ఈ మధ్య దగ్గరికి వస్తేనే పనిచేస్తోందని మా ఆవిడ అన్నాక గుర్తుకొచ్చింది, రెండు నెలల క్రితం మోటారులోని పాత బల్బు మాడిపోతే ఎల్‌ఈడీ బల్బు వేశాను. చవక ఎల్‌ఈడీ బల్బుల్లోని సర్క్యూట్ రేడియో రొద పుట్టిస్తుంది. మోటారు యాంటెనా, అంటే కిందికి వేలాడే ఆ సన్నటి తీగ, దాని పక్కనే ఉంటుంది. చెవి దగ్గర డప్పు కొడుతుంటే దూరాన పిలిచే మనిషి మాట వినిపించదు. బల్బు తీసేసి నొక్కితే సందు మొదటినుంచే తలుపు లేచింది. గ్యారేజ్ ఓపెనర్ల కోసమే చేసిన ఎల్‌ఈడీ బల్బులు అమ్ముతారు, అది తెచ్చి వేశాను. ఈ రొద గొడవ ఇంటి బల్బులకే పరిమితం కాదు. 2000ల మధ్యలో అమెరికా సైన్యం 380 నుంచి 400 మెగాహెర్ట్జ్ మధ్య కొత్త రేడియోలు వాడడం మొదలుపెట్టినప్పుడు, కొన్ని సైనిక స్థావరాల చుట్టుపక్కల ఇళ్లలో 390 మీద వినే తలుపులు మొండికేశాయి. ఆ ఫ్రీక్వెన్సీ మీద మొదటి హక్కు సైన్యానిదే కనుక, ఇంటివాళ్లే వేరే ఫ్రీక్వెన్సీకి మారవలసి వచ్చింది.

రెండో బటన్‌కు పక్క ఊరు ఫ్రిస్కోలో ఉన్న మా అక్కయ్య వాళ్ల కాలనీ గేటు నేర్పుదామని ఆవిడ రిమోట్ తెచ్చాను. దీపం గబగబా మినుకుమంది, ఆ పైన దారి లేదు. ఆ గేటు లెర్న్ బటన్ ఉండేది నా నిచ్చెనకు అందే చోట కాదు, కాలనీ నిర్వాహకుల తాళం వేసిన పెట్టెలో. ఒక్కో ఇంటికి రెండు రిమోట్లే నమోదు చేస్తామని, కారు కూడా ఒక రిమోట్ కిందే లెక్క అని వాళ్లు చెప్పారు. అక్కయ్య తన వాటాలో ఒకటి మా కోసం వదులుకోవడం భావ్యం కాదని ఊరుకున్నాను.

మొదటి బటన్ మాత్రం ఇప్పుడు సందు మలుపు తిరిగి నాలుగో ఇంటి చెత్త డబ్బాలు దాటగానే నొక్కుతాము. అక్కడ నొక్కితే కారు వాకిలి చేరేసరికి తలుపు పూర్తిగా లేచి ఉంటుంది. ఆ చోటు లెక్కకట్టి చెప్పింది నాన్నగారే.